నాన్న ఊఁ కొట్టిన ఆదివారాలు

మా నాన్నకి ఆదివారం నాడు అక్షరం కంటబడకూడదు. కాలెండర్లో తేదీ కూడా నన్నే చూసి చెప్పమనేవాడు. వారంలో ఆరు రోజులు అక్షరాలతోనే బతుకు మరి. మద్రాసులో, కోడంబాకం వైపు, ఒక తెలుగు ప్రెస్సులో కంపోజిటరు ఆయన. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి స్టిక్కులో పేర్చడం పని. ఇంగ్లీషు కంపోజిటర్లకి ఇరవై ఆరు అక్షరాలు, పెద్దవీ చిన్నవీ కలిపినా లెక్కకి అందుతాయి. తెలుగుకి గుణింతాలు, వత్తులు, వత్తుకి మళ్ళీ వత్తు. ఏ గడిలో ఏముందో చేతికి తెలియాలి, కళ్ళు వెతుక్కుంటూ కూర్చుంటే పొద్దుపోతుంది. పైగా అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. అందుకని శనివారం రాత్రి ఇంటికొచ్చి, కిరోసిన్ గుడ్డతో వేళ్ళు తుడుచుకుని, లైఫ్‌బాయ్ సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, "రేపు నా కళ్ళకి సెలవు" అని చెప్పేసేవాడు.

మేముండేది వెస్ట్ మాంబళంలో. ఒకే ఇంట్లో నాలుగు పోర్షన్లు, మధ్యలో బావి, బావి మీద కీచుమనే గిలక. ముందు భాగంలో ఇంటి ఓనరు మామి. మిగతా మూడింట్లో మేమొక్కళ్ళమే తెలుగువాళ్ళం. ఇది 1980ల నాటి మాట. నాకు అప్పుడు పదేళ్ళు, తమ్ముడికి ఏడు.

ఆదివారం అంటే ముందు కాఫీ. వారమంతా అమ్మ చేసే కాఫీయే, కానీ ఆదివారం పొద్దున మాత్రం నాన్న చేసేవాడు. దానికి ఏర్పాట్లు శనివారం సాయంత్రమే మొదలు. స్టేషన్ దగ్గర కాఫీ పొడి కొట్టు ఉండేది. మర తిరుగుతుంటే ఆ వాసన వీధి మలుపు దాకా వచ్చేది. పీబెర్రీ సగం, ప్లాంటేషన్ సగం, చికోరీ చిటికెడు. కొట్టువాడు చికోరీ ఎక్కువ వేస్తాడేమోనని నాన్న తక్కెడ మీద నుంచి చూపు తిప్పేవాడు కాదు. వేడి వేడి పొడి కాగితం పొట్లంలో ఉంటే దాన్ని గుండెకి ఆనించుకుని మోసుకురావడం నా వంతు. ఇత్తడి ఫిల్టరులో పొడి వేసి, మరీ గట్టిగా నొక్కకుండా, మరీ వదులుగా వదలకుండా, మరిగిన నీళ్ళు పోసి, అది చుక్క చుక్కగా దిగుతుంటే నాన్న పక్కనే గొంతుకూర్చునేవాడు. ఫిల్టరు మీద రెండు వేళ్ళతో కొట్టి చెవి పెట్టి వినేవాడు. ఏం వినబడేదో నాకు ఇప్పటికీ తెలియదు. మొదటి డికాక్షన్ పెద్దవాళ్ళకి, రెండోది మాకు, పాలల్లో రంగు మారేంత. అమ్మ మాత్రం, "ఒక్క పూట కాఫీ చేసి, మళ్ళీ ఆదివారం వచ్చేదాకా చెప్పుకుంటారు" అనేది. అంటూనే రెండో గ్లాసు తాగేది.

తరవాత తలంటు. ఆడపిల్లలకి శుక్రవారం, మగవాళ్ళకి శనివారం అని నెల్లూరు నుంచి వచ్చినప్పుడల్లా నాయనమ్మ గుర్తు చేసేది కానీ, బళ్ళ మూలంగా మా ఇంట్లో అన్నీ ఆదివారం మీదే పడేవి. నాయనమ్మ పంపిన కుంకుడుకాయలు బావి గట్టు మీద రాయితో చితక్కొట్టి, వేన్నీళ్ళలో నానేసి, అమ్మ పిసుకుతుంటే నురగ పొంగేది. కళ్ళు మండకుండా నోట్లో ఉప్పుకల్లు పెట్టుకోమనేవాళ్ళు. ఉప్పు కరిగిపోయేది, కళ్ళు మండుతూనే ఉండేవి. మామి ఇంట్లో శీకాయ. "కుంకుడు పెడితే జుట్టు ఎండుగడ్డి అయిపోతుంది" అని మామి, "శీకాయ పెడితే జిడ్డు వదలదు" అని అమ్మ. ఒకరి తమిళం, ఇంకొకరి తెలుగు, మధ్యలో బావి. ఏళ్ళ తరబడి ఆ తగువు తెగలేదు. నా జుట్టు మాత్రం సాంబ్రాణి పొగ మీద ఆరుతూ ఇద్దరి మాటా వినేది.

భోజనాల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. పప్పు, బంగాళాదుంప వేపుడు, చారు. అప్పుడప్పుడు గోంగూర. మాంబళం మార్కెట్టులో దాన్ని పుళిచ్చకీర అని అమ్మేవాళ్ళు. ఆ పేరుతో కొంటే రుచి తగ్గుతుందని అమ్మ అనుమానం. పచ్చడి చేసిన రోజు ఒక గిన్నె మామికి వెళ్ళేది. "అబ్బా, కారం, కారం" అంటూ కళ్ళ నీళ్ళు పెట్టుకుని, గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం మళ్ళీ ఎప్పుడు చేస్తారని అడిగేది.

అసలు ఆదివారం మొదలయ్యేది అన్నాలయ్యాక.

మాది ఎర్ర సిమెంటు గచ్చు. ఏళ్ళ తరబడి తుడిచి తుడిచి అద్దంలా ఉండేది. ఎండాకాలంలో చాప కూడా అక్కర్లేదు, ఒట్టి నేల మీద పడుకుంటే వీపుకి చల్లగా తగిలేది. నాన్న పంచె కట్టుకుని, తడి తువ్వాలు మడిచి కళ్ళ మీద వేసుకుని వెల్లకిలా పడుకునేవాడు. "పాపా, తీసుకురా" అనేవాడు. వారం అంతా ప్రెస్సు నుంచి తెచ్చిన పత్రికలు, సీరియల్ కాగితాలు, ఒక్కోసారి కుట్టని ఫారాలు, బీరువా పక్కన దొంతరగా ఉండేవి. నేను గోడకి చేరగిలబడి చదవాలి. ఆయన ఊఁ కొట్టాలి.

నేను చదువుకున్నది తమిళ వీధిలో ఇంగ్లీషు బడి. తెలుగు అక్షరాలు అమ్మ పలక మీద దిద్దించింది కానీ, ధారాళంగా చదవడం రాదు. మొదట్లో ఒక్కో వాక్యానికి మూడుసార్లు ఆగేదాన్ని. 'ళ'కి 'ల' అనేదాన్ని. వత్తులు మింగేసేదాన్ని. నాన్న తువ్వాలు తీయకుండానే, "అక్కడ ఠకి వత్తుంది, చూడు" అనేవాడు. నిజంగానే ఉండేది. చూడకుండా ఎలా తెలుస్తుందో అర్థమయ్యేది కాదు. ఒకసారి పరీక్ష పెట్టాలనిపించింది. కథలో 'వాకిట్లో నిలబడింది' అని ఉంటే 'గుమ్మంలో నిలబడింది' అని చదివాను.

"వాకిట్లో" అన్నాడు నాన్న.

"నీకెట్లా తెలుసు?"

"నేనే కూర్చాను కదే ఆ పేజీ. గుమ్మం అయితే మకి మ వత్తు పడుతుంది. ఆ లైనులో మ వత్తు లేదు."

మరైతే కథంతా తెలిసే ఉంటుంది కదా, మళ్ళీ నాతో చదివించుకోవడం ఎందుకని అడిగాను. తువ్వాలు కొంచెం పైకెత్తి నా వంక చూశాడు. "కూర్చేటప్పుడు అక్షరాలే కనబడతాయి పాపా, కథ కనబడదు. ఆ పిల్ల ఎందుకు నిలబడిందో నువ్వు చదివితేనే తెలుస్తుంది" అన్నాడు. మళ్ళీ తువ్వాలు వేసుకున్నాడు. నాకు అప్పుడు అదొక జోకులా అనిపించింది. తమ్ముడికి చెప్పి నవ్వాను కూడా.

నెలకోసారి చందమామ వచ్చిన ఆదివారం పోర్షన్లన్నిటికీ పండగే. 1947 జూలైలో మద్రాసులోనే పుట్టిన పత్రిక అది. మా ఇంటికి దూరం కూడా కాదు, వడపళనిలో ఆఫీసు. మామి కొడుకు తమిళంలో అంబులిమామా కొనేవాడు. భుజాన శవం వేసుకుని, చేత్తో కత్తి పట్టుకుని నడిచే విక్రమార్కుడు, శంకర్ గీసిన ఆ బొమ్మే రెండిట్లోనూ. మాకు బేతాళుడు, వాళ్ళకి వేదాళం. బేతాళుడు ప్రశ్న అడిగే చోటికి రాగానే నాన్న చెయ్యెత్తి ఆపేసేవాడు. "జవాబు చదవొద్దు. ముందు అందరూ చెప్పండి." అమ్మ అంట్లు తోముతూ బావి దగ్గర నుంచే తీర్పు చెప్పేది. మామి కొడుకు ముందే చదివేసి వచ్చి, జవాబు తెలిసి కూడా తెలియనట్టు నటించేవాడు. మామి ఎప్పుడూ ఆడవాళ్ళ పక్షం. ఒక్కోసారి విక్రమార్కుడు చెప్పిన జవాబు అమ్మకి నచ్చేది కాదు. "ఆయన రాజు, ఆయనకేం తెలుస్తుంది ఇంటి సంగతి" అని కొట్టిపారేసేది. నిజం చెప్పాలంటే చాలాసార్లు అమ్మ చెప్పిందే నాకు సబబుగా తోచేది.

అన్నిటికంటే మాకు పిచ్చి ఫోటో వ్యాఖ్యల పోటీ. పక్కపక్కన రెండు ఫోటోలు ఇచ్చేవాళ్ళు, ఒకదానికొకటి సంబంధం ఉండదు. రెండిటికీ జత కుదిరేలా చిన్న చిన్న మాటల్లో వ్యాఖ్యలు రాసి కార్డు మీద పంపాలి. నాన్న లేచి కూర్చునేది దీనికి ఒక్కదానికే. అక్షరం చూడనని పట్టుబట్టే మనిషి, ఫోటోలు అక్షరాలు కావుగా అని తప్పించుకునేవాడు. ఒక నెల ఒక ఫోటోలో ఏడుస్తున్న పిల్లాడు, రెండోదాంట్లో అరటిపండు తింటున్న కోతి. నాన్న చాలాసేపు గచ్చు మీద వేలితో రాసి రాసి, "అడిగితే రాలేదు", "అడక్కుండా వచ్చింది" అన్నాడు. ఇంకో నెల బస్తాల మీద పడుకున్న పిల్లి, రెండోది చేనులో మంచె మీద కునుకుతున్న ముసలాయన. అమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఒకసారి చూసి, "పనికి కాపలా, కాపలా పని" అనేసి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం దాకా నాన్న ఇంకేం రాయలేకపోయాడు.

వడపళని మాకు నడిచే దూరమే. నాలుగడుగులు వేసి కార్డు చేత్తో ఇచ్చి రావచ్చు. నాన్న ఒప్పుకునేవాడు కాదు. "పోటీ అంటే పోస్టులోనే వెళ్ళాలి. చేతికిస్తే రికమెండేషన్ అవుతుంది" అనేవాడు. పదిహేను పైసల కార్డు మీద ముత్యాల్లాంటి అక్షరాలతో అమ్మ రాసేది. నేనూ తమ్ముడూ వంతులేసుకుని పోస్టు డబ్బాలో వేసేవాళ్ళం. ఏళ్ళ పాటు పంపాం. ఒక్కసారీ ప్రైజు రాలేదు. ఒకే ఒక్కసారి, ప్రైజు వచ్చిన జంటలో మొదటి వ్యాఖ్య అక్షరం పొల్లు పోకుండా మాదే. రెండోది వేరు. రాసింది ఆంధ్రాలో ఎక్కడో ఊళ్ళో ఉన్న మనిషి. "సగం ప్రైజు మనదే కదా" అని నాన్న ఆ సాయంత్రం పావుకిలో మైసూరుపాకు కొనుక్కొచ్చాడు. మామికి రెండు ముక్కలు, ఎందుకో చెప్పకుండా.

చదువుతూ చదువుతూ ఉంటే ఏ రెండింటికో ఒక నిమిషం వచ్చేది, అదే నాకు అన్నిటికంటే బాగా గుర్తు. మద్రాసు ఎండ తెలిసిన వాళ్ళకి చెప్పనక్కర్లేదు. పన్నెండు దాటాక పడమటి గాలి వేడిగా కొడుతుంది, వీధిలో కుక్క కూడా కదలదు. అంతలో ఎక్కడినుంచో తలుపు రెక్క చిన్నగా కదులుతుంది. కాలెండరు కాగితం లేస్తుంది. నాన్న తువ్వాలు కిందనుంచే "వచ్చింది" అనేవాడు. సముద్రం గాలి. మెరీనా దగ్గర ముందే వీచి, ఊరంతా దాటుకుని మాంబళం చేరేసరికి ఇంకాస్త ఆలస్యం. పడమటి గాలి గట్టిగా ఉన్న రోజుల్లో నాలుగైనా వచ్చేది కాదు, అమ్మ విసనకర్ర దింపేది కాదు. వచ్చిన రోజు మాత్రం తూర్పు తలుపు బార్లా తెరిచేవాళ్ళం. గచ్చు చల్లదనం, గాలి చల్లదనం, చేతిలో సగం చదివిన కథ. నాకూ కళ్ళు మూతలు పడేవి. నాన్న నిద్రపోయాడనుకుని చదవడం ఆపేసేదాన్ని. వెంటనే "ఊఁ" అనేవాడు. మళ్ళీ రెండు లైన్లు చదివేదాన్ని. మళ్ళీ ఆపేదాన్ని. "ఊఁ." ఆ ఊఁ నిద్రలోంచి వచ్చేదో, మెలకువలోంచి వచ్చేదో ఎన్నడూ తేల్చుకోలేకపోయాను.

సాయంత్రం ఏం చేసేవాళ్ళమో చెప్పాలంటే దొరస్వామి సబ్‌వే దాటి టీనగర్ నడక. పానగల్ పార్కులో ఒక బెంచీ, పిల్లలకి పిడికెడు ఉడికించిన వేరుశనక్కాయలు. అక్కడికి వెళ్ళినప్పుడల్లా నాన్న ఒక పాఠం చెప్పేవాడు. త్యాగరాయనగర్ అని పేరు పెట్టింది పిట్టి త్యాగరాయ చెట్టి పేరున, ఈ పార్కు పానగల్ రాజా పేరున, ఆయన 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రి, ఇద్దరూ మనవాళ్ళే. మద్రాసులో తెలుగు నాన్నలందరికీ ఈ జబ్బు ఉండేదని తరవాత తెలిసింది. స్నేహితురాళ్ళని అడిగితే అందరూ ఇదే బెంచీ మీద ఇదే పాఠం విన్నామన్నారు.

1987 జనవరిలో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున రామాయణం మొదలయ్యాక మా ఆదివారాలు కొంచెం చెదిరాయి. టీవీ ఉన్నది మామి ఇంట్లోనే. తలంటు ఆ టైముకి ముందే అయిపోవాలి. హిందీ ముక్క ఎవరికీ రాదు, అయినా అందరూ కదలకుండా చూసేవాళ్ళం. నాన్న మాత్రం రెండు వారాలు చూసి ఆపేశాడు. "మాట్లాడేది అర్థం కావట్లేదు, ఊఁ కొట్టడానికి లేదు" అని ఆయన బాధ. ఎప్పుడన్నా మధ్యాహ్నం తెలుగు సినిమా వేస్తే ఆ రోజు మా దర్జా చూడాలి. మామి ముందే కబురు పంపి మాకు ముందు వరసలో చాప వేయించేది. ప్రతి డైలాగుకీ "ఏమంటున్నాడు, ఏమంటున్నాడు" అని అడుగుతుంటే అమ్మ చెబుతూ చెబుతూ సగం సినిమా చూడకుండానే అయిపోయేది.

తరవాత సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అదంతా అందరిళ్ళలోనూ జరిగేదే. ప్రెస్సులోకి కంప్యూటర్లు వచ్చాయి, సీసం కరిగించేశారు. నాన్న ప్రూఫులు చూసే పనిలోకి మారాడు. కళ్ళకి ఇంకా ఎక్కువ శ్రమ. మామి ఇల్లు అమ్మేశారు, అక్కడ ఇప్పుడు ఫ్లాట్లున్నాయి. చందమామ ఆగిపోయింది. అమ్మ పోయి ఆరేళ్ళు. తమ్ముడు విజయవాడలో. నాన్న నాతోనే, వేళచ్చేరిలో.

ఇప్పుడు ఆయనకి ఎనభై నాలుగు. రెండు కళ్ళకీ ఆపరేషన్ అయింది, అయినా చిన్న అక్షరం కుదరదు. నాకు వారమంతా ఆఫీసు, టార్గెట్లు, టెన్షన్. ఆదివారం వస్తే బట్టలు, సరుకులు, మా అమ్మాయి బెంగళూరు నుంచి చేసే వీడియో కాల్. కాఫీ మాత్రం ఇప్పటికీ ఫిల్టరుదే. ఇత్తడిది చిల్లు పడింది, స్టీలుది వాడుతున్నాం. నాన్న దాని మీద కూడా రెండు వేళ్ళతో కొట్టి వింటాడు. "స్టీలు మాట్లాడదు" అంటాడు.

పోయిన ఆదివారం పొద్దున్నే కరెంటు పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ ఏదో పేలిందట, సాయంత్రం దాకా రాదన్నారు. ఏసీ లేదు, మిక్సీ లేదు, వాషింగ్ మెషిన్ లేదు. మొదటి గంట అటూ ఇటూ తిరిగి విసుక్కున్నాను. తరవాత చేయడానికి ఏమీ మిగల్లేదు. అన్నాలయ్యాక నాన్న కుర్చీని బాల్కనీ తలుపు దగ్గరికి జరిపి, నేను కింద టైల్స్ మీద కూర్చున్నాను. టైల్స్ గచ్చంత చల్లగా ఉండవు, ఫరవాలేదు.

"పాపా, ఫోనులో ఏమన్నా ఉందా?" అన్నాడు.

నాకు యాభై ఏళ్ళు. పాపనే.

చార్జింగ్ ముప్పై శాతం ఉంది. ఒక పాత కథ దొరికితే అక్షరాలు పెద్దవి చేసుకుని మొదలుపెట్టాను. చాలా రోజులైంది కదా, మొదటి పేరాలోనే తడబడ్డాను. "కళ్ళు అనాలి, కల్లు కాదు. కల్లు వేరే కొట్లో దొరుకుతుంది" అన్నాడు. పైకి నవ్వాను కానీ గొంతు సర్దుకుని జాగ్రత్తగా చదవడం మొదలుపెట్టాను, పదేళ్ళప్పుడు చదివినట్టే. ఊఁ. ఊఁ. మధ్యలో నాన్న కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. లేచి వెళ్ళి చిన్న తువ్వాలు తడిపి పిండి తెచ్చి ఇచ్చాను. ఏమీ అనకుండా వేసుకున్నాడు.

మా బాల్కనీ తూర్పు వైపే కానీ ఎదురుగా పన్నెండంతస్తుల అపార్ట్‌మెంటు. గాలి దాన్ని చుట్టుకుని రావాలి. మూడు దాటాక కర్టెన్ అంచు కదిలింది. నేను నాన్న వంక చూశాను. ఏమీ అనలేదు. నేనే "వచ్చింది" అన్నాను. జవాబు లేదు. నోరు కొంచెం తెరుచుకుని, తువ్వాలు ఒక పక్కకి జారి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. ఆ వేళ్ళ చివర్లు ఇప్పుడు తెల్లగా, ముడతలు పడి ఉన్నాయి.

చదవడం ఆపాను. ఒక నిమిషం చూశాను. రెండు నిమిషాలు. ఈసారి నిజంగానే నిద్రపోయాడనుకుని ఫోను పక్కన పెట్టి, నేనూ టైల్స్ మీద ఒరిగి కళ్ళు మూసుకున్నాను.

"ఊఁ" అన్నాడు.